బొమ్మలోని మనిషి

మా కళాశాలలో నావద్ద తెలుగు చదువుకొన్న ఒక కుర్రవాడు ఇప్పుడు నగరంలో ఛాయాగ్రహణ విద్య నేర్చుకొంటున్నాడు. మొన్న సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు ఒక లావుపాటి నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టినాడు. వారి ఆచార్యులు పేరెన్నికగన్న ఛాయాచిత్రకారుల బొమ్మలు చూపించి, ఒక్కొక్కదానిని గురించి తమకు తోచినది నిర్భయంగా వ్రాయమన్నారట. మనము పద్యానికి ప్రతిపదార్థమూ తాత్పర్యమూ వ్రాయిస్తాము గాని, “నీకేమి తోచిందిరా?” అని ఎన్నడైనా అడుగుతామా? ఇది నాకు నేను వేసుకొన్న ప్రశ్న. తోటి ఉపాధ్యాయులు కోపగించనక్కరలేదు.

మొదటి పుట అన్సెల్ ఆడమ్స్ అనే అమెరికా దేశస్థునిది. 1941 నవంబరు 1వ తేదీ సాయంకాలం ఆయన న్యూమెక్సికోలో కారుమీద పోతూ, హెర్నాండెజ్ అనే పల్లె వద్ద చంద్రోదయం చూచినాడు. అక్కడి శ్మశానంలోని తెల్లని శిలువల మీద అస్తమయకాలపు వెలుగు ఇంకా నిలిచి ఉన్నది. కెమేరాను హడావిడిగా నిలబెట్టినాడు గాని, వెలుతురు కొలిచే మీటరు చేతికి దొరకలేదు. చంద్రుని కాంతి చదరపు అడుగుకు 250 క్యాండిళ్లని ఆయనకు జ్ఞాపకమున్నది. ఆ లెక్కతోనే బొమ్మ తీసినాడు. రెండవదానికి సిద్ధమయ్యేసరికి శిలువల మీద వెలుగు పోనేపోయింది. దీనిక్రింద మావాడు వ్రాసిన మాట నాకు ముచ్చట గొలిపింది: “గణాలు వ్రేళ్లమీద లెక్కపెట్టకుండా పద్యం చెప్పగలిగినవాడికే ఇది సాధ్యం.” నా పాఠాలు బొత్తిగా వృథా పోలేదన్నమాట!

తరువాతి పుట ఫ్రెంచి దేశపు కార్టియే బ్రెసన్‌ది. 1932లో పారిస్‌లోని సెయింట్ లజార్ రైలుస్టేషను వెనుక నీటిమడుగు దాటబోతున్న మనిషి, మడమ ఇంకా నీటిని తాకలేదు. “కంచెసందులో నుంచి తీసిన బొమ్మ. అదృష్టం పాలు సగం” అని మావాడి తీర్పు. అటువంటి సందు వద్ద కళ్లు తెరచుకొని నిలిచేవాడికి గదా ఆ అదృష్టం పట్టేది! అయినా నేను వాదించలేదు.

అసలు సంగతి మూడవ బొమ్మతో మొదలయింది. 1936 మార్చిలో డొరోతియా లాంగ్ అనే ఆమె అమెరికా ప్రభుత్వం తరఫున వలసకూలీల ఫొటోలు తీస్తూ కాలిఫోర్నియాలో తిరుగుతున్నది. పని ముగించుకొని ఇంటిముఖం పట్టి, బఠాణీ కోతకూలీల మకాం అని వ్రాసిన పలకను దాటి ఇరవై మైళ్లు పోయిన తరువాత, మనసొప్పక కారు వెనుకకు త్రిప్పింది. నిపోమో వద్ద ఆ మకాంలో పంట చలికి పాడై, కూలీలకు పని లేకుండా ఉన్నది. గుడారం క్రింద పిల్లలతో కూర్చున్న ఒక తల్లి కనబడింది. లాంగ్ ఒక్కొక్క బొమ్మకూ కొంచెం కొంచెం దగ్గరకు జరిగింది. చివరకు తల్లి ముఖమూ, ఆమె భుజాలమీద వాలి అటు తిరిగిన ఇద్దరు పిల్లలూ, ఒడిలో పసిబిడ్డా మాత్రమే మిగిలినారు. ‘వలస తల్లి’ అని లోకమంతా ఎరిగిన బొమ్మ అదే. ఆ ఫొటోలు శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికలో పడగానే ప్రభుత్వం మకాంకు 20,000 పౌనుల ఆహారం పంపింది. ఆ తల్లి అప్పటికే పిల్లలతో మరొక చోటికి తరలిపోయింది.

ఆమె పేరు లాంగ్ అడగలేదు. పేరూ, పూర్వకథా అడగలేదనీ, వయసు మాత్రం 32 అని ఆమె చెప్పిందనీ 1960లో తానే వ్రాసింది. ఆ తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి 1978లో గాని తెలియలేదు. ఆ బొమ్మ తీయకుండా ఉంటే బాగుండేదనీ, దానివల్ల తనకు చిల్లిగవ్వ రాలేదనీ ఆమె చెప్పుకొన్నది. మరొక సంగతి: బొమ్మ మూలన గుడారపు గుంజను పట్టుకొన్న బొటనవ్రేలు ఒకటి ఉండేది. అది కంటికి అడ్డమని లాంగ్ తరువాత నెగటివులో చెరిపించింది. “వ్రేలిమీద ఉన్న శ్రద్ధ పేరుమీద లేదు” అని మావాడు వ్రాసినాడు.

“కొంచెం కఠినంగా లేదట్రా? ఆ ముఖం చూచి గదా ఆకలిగొన్నవారికి ఆహారం వచ్చింది?” అన్నాను.

వాడు జవాబు చెప్పక పుట త్రిప్పినాడు. ఒక ముసలమ్మ ముఖం. ముడుతలమీద ఏటవాలుగా ఎండ. మా ఊరి బస్టాండులో జామకాయలు అమ్మే మనిషి. దసరా సెలవులలో తీసినాడట. ‘శ్రమ’ అని పేరు పెట్టినాడు. కళాశాల ప్రదర్శనలో మొదటి బహుమానం వచ్చింది.

“ఈమె పేరేమిటి?”

“తెలియదు మాస్టారూ. లాంగ్ లాగానే ముఖం మిగిలేదాకా దగ్గరకు పోయినాను. అడగాలని తోచలేదు.”

మరునాడు ఆ బొమ్మకు ఒక ప్రతి తీసుకొని బస్టాండుకు బయలుదేరినాడు. కుతూహలం ఆపుకోలేక నేనూ వెంటపోయినాను. ముసలమ్మ చెంగుతో చేతులు తుడుచుకొని, బొమ్మను దూరంగా పట్టుకొని చాలాసేపు చూచింది.

“నేనేనా బాబూ? మరి బుట్టేదీ?”

ముఖం కోసం బుట్ట వదిలివేసినానని వాడు నసిగినాడు.

“బుట్ట లేకపోతే నన్నెవరు ఆనవాలు పడతారు? మా కోడలైనా పట్టదు” అని నవ్వి బొమ్మ తిరిగి ఇచ్చివేసింది.

వాడు అక్కడే నేలమీద కూర్చున్నాడు. పేరడిగినాడు, ఊరడిగినాడు, కాయలు ఏ తోటవో అడిగినాడు. బస్సులు రెండు పోయినవి. అప్పుడు లేచి నాలుగడుగులు వెనుకకు జరిగి, బుట్టా, తక్కెడా, ఆమె కూర్చున్న గోనెపట్టా అన్నీ పడేటట్లు మరొకటి తీసినాడు. ముఖం చిన్నదయింది. ఎండ కూడ మొదటిదానిలో వలె పడలేదు. “దీనికి బహుమానం రాదు మాస్టారూ” అన్నాడు. నిజమే కావచ్చు.

ఊరికి పోయేముందు రెండు బొమ్మలనూ ఎదురెదురు పుటలలో అంటించి నాకు చూపినాడు. ‘శ్రమ’ అన్న మాట కొట్టివేసి, పెన్సిలుతో ఆమె పేరు వ్రాసినాడు. పత్రికలో వేయవచ్చునా అని నేను ఆమెను అడగలేదు గనుక, ఆ పేరు ఇక్కడ వ్రాయడం లేదు.