ఉలి చేతిలో ఉన్నా పెట్టుబడి కరువు
దుర్గి శిల్పాలకు పేరొచ్చింది - కుర్ర శిల్పికి బయానా రావాలి

దుర్గి: పలనాటి గడ్డ మీద రాతిపని నిన్న మొన్నటిది కాదు. ఇక్ష్వాకుల కాలంలో, 3వ శతాబ్దంలో, నాగార్జునకొండ శిల్పులు ఈ ప్రాంతపు సున్నపురాతి మీదనే బుద్ధుని కథలు చెక్కారు. అక్కడి మహాచైత్యానికి శాంతమూల మహారాజు సోదరి శాంతిశ్రీ స్తంభాలు సమర్పించినట్లు శాసనాలు చెబుతున్నాయి. నాటి శిల్పి వెనుక డబ్బు పెట్టే దాత ఉన్నాడన్న మాట. నేడు మాచర్ల సమీపంలోని దుర్గిలో కొత్తగా ఉలి పట్టే యువకుడికి ఆ అండే కరువు.

దుర్గి రాతి శిల్పాలకు 2017-18లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఊరి పేరు దేశమంతా తెలిసింది. అయితే ఆ పేరు వాడుకోవాలంటే ప్రతి శిల్పీ అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు చేయించుకోవాలి. నమోదైనంత మాత్రాన రాయి కొనడానికి రూపాయి రాదు.

ముందు ఖర్చు, వెనుక రాబడి

విగ్రహం అమ్ముడుపోయేది చివరి రోజున. ఖర్చు మొదలయ్యేది మొదటి రోజున. రాయి ధర, లారీ కిరాయి, ఉలులు, కోత యంత్రం, కరెంటు బిల్లు, సహాయకుడి కూలి అన్నీ ముందే చెల్లించాలి. పెద్ద విగ్రహమైతే నెలల తరబడి పని. అన్నాళ్లూ ఇల్లు గడవాలి.

దీనికి తోడు రాతిలో దాగిన పగులు భయం ఒకటి. సుత్తితో కొడితే గంటలా మోగిన రాయి మంచిదని పెద్దల లెక్క. అలా చూసి తెచ్చిన రాయి కూడా ముక్కు, కళ్లు దిద్దే వేళకు చిట్లితే పడిన కష్టమంతా వృథా. ముందు మాట లేకపోతే ఆ నష్టం శిల్పిదే.

పేరున్న శిల్పికి గుడి కమిటీలు బయానా ఇస్తాయి. పేరు లేని కుర్రవాడికి ఎవరిస్తారు? బయానా లేనిదే పని లేదు, పని చూపనిదే పేరు రాదు. చివరకు అతను మరొకరి షెడ్డులో రోజు కూలికి కుదురుతాడు.

పట్నంలో చిత్రశాలల దారి ఉన్నా అదీ సులువు కాదు. అమ్మిన ధరలో మూడో వంతు నుంచి సగం దాకా చిత్రశాలే తీసుకోవడం అక్కడ మామూలు. అద్దె, సిబ్బంది ఖర్చు దానికీ ఉంటాయి. శిల్పికి సొమ్ము అందేది సరుకు అమ్ముడుపోయాకే.

అయిదు శాతం అప్పు

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో శిల్పుల పని ఒకటి. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయలు ఇస్తారు. పూచీకత్తు లేకుండా మొదట లక్ష వరకు, అది తీర్చాక 2 లక్షల వరకు అప్పు దొరుకుతుంది. వడ్డీ ఏడాదికి 5 శాతం. ఊళ్లో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెస్తే లక్షకు ఏడాదికి 24,000 అవుతుంది. ఇక్కడ 5,000 దాటదు.

అయితే మెలిక ఉంది. కుటుంబానికి ఒక్కరికే లబ్ధి. భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు కలిసి ఒక కుటుంబం. తండ్రి తీసుకుంటే పెళ్లికాని కొడుక్కు రాదు. పైగా సొంతంగా వృత్తి చేసుకునే వారికే వర్తిస్తుంది. ఒకరి దగ్గర కూలికి చేసే కుర్రవాడికి ఇదే పెద్ద అడ్డంకి. దరఖాస్తు కామన్ సర్వీస్ సెంటరులో పెట్టుకోవాలి. గ్రామంలో పంచాయతీ పరిశీలిస్తుంది.

2018 జులైలో రాతి దేవతా విగ్రహాలపై జీఎస్టీ ఎత్తివేయడం కొంత ఊరట. కానీ పన్ను పోయినంతలో పెట్టుబడి పుట్టదు.

ఊరి చేతిలో పని

గుడి కట్టే కమిటీలు, విగ్రహం పెట్టించే సంఘాలు మూడు మాటలు ముందే కాగితం మీద రాసుకుంటే చాలు. రాయి ఖర్చు మొదటే ఇవ్వడం, పని సగమైనప్పుడు మరో వాయిదా చెల్లించడం, రాయి చిట్లితే నష్టాన్ని ఇరువురూ పంచుకోవడం. పెద్ద విగ్రహం పేరున్న శిల్పికి ఇచ్చినా, ద్వారపాలకులనో నందినో ఒక కుర్రవాడికి అప్పగించవచ్చు. ఆ నంది చూసి పక్క ఊరివారు అతన్ని వెతుక్కుంటూ వస్తారు.