చలి పొద్దున బావినీరు వెచ్చన ఎందుకు?

టేకులపల్లి వంటి అడవి అంచు ఊళ్లలో పుష్యమాసపు తెల్లవారుజామున చేదబావి నుంచి తోడిన నీరు ఆవిరులు కక్కడం మనకు తెలిసిందే. నీరు వేడెక్కిందా? లేదు. నేల లోతున వేడిమి ఏడాది పొడవునా దాదాపు ఒకేలా ఉంటుంది. పైన గాలి చల్లబడినందున నీరు వెచ్చగా తోస్తుంది. వేసవిలో అదే నీరు చల్లన.

ఈ వింత మన పాడికి మేలు చేస్తుంది. గేదె పాలలో 100 పాళ్లకు 80కి పైగా నీరే. రాత్రంతా తొట్టిలో నిలిచి చల్లబడిన నీటిని పశువు చాలినంత తాగదు. నీరు తగ్గితే మేత తగ్గుతుంది, పాలూ తగ్గుతాయి.

కనుక ఉదయం తొట్టిలోని పాతనీరు చెట్లకు పోసి, అప్పుడే తోడిన నీరు పెట్టాలి. ఎండ వచ్చాక మరోమారు పెట్టాలి. పైసా ఖర్చు లేని ఈ పనితో సంఘంలో పోసే పాలు తగ్గకుండా చూసుకుందాం.