హృదయ శస్త్రచికిత్సలో కార్డియోప్లీజియా: కణజాల రక్షణ – మోతాదు ప్రాధాన్యం

1. ఉపోద్ఘాతం:
శస్త్రచికిత్స రోగాన్ని తొలగించే క్రమంలో ఆరోగ్యవంతమైన కణజాలానికీ కొంత హాని కలిగించవచ్చు. ఆ హానిని ఔషధంతో పరిమితం చేసే విధానాలలో కార్డియోప్లీజియా ప్రధానమైనది. గ్రీకు భాషలో ‘కార్డియా’ అంటే హృదయం, ‘ప్లేగే’ అంటే దెబ్బ. గుండెను తాత్కాలికంగా ఆపి కాపాడే ఈ పద్ధతి సూత్రాన్ని, పరిణామాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

2. సమస్య స్వరూపం:
1953లో జాన్ గిబ్బన్ గుండె, ఊపిరితిత్తుల పనిని చేసే యంత్రం సహాయంతో తొలిసారి విజయవంతంగా హృదయ శస్త్రచికిత్స చేశాడు. యంత్రం శరీరానికంతటికీ రక్తాన్ని అందిస్తుంది. అయితే శస్త్రచికిత్సకు వీలుగా బృహద్ధమనిని బిగించినప్పుడు హృదయ కండరానికే రక్తం అందదు. అప్పుడూ గుండె కొట్టుకుంటూ ఉంటే కణాలలోని శక్తి నిల్వలు త్వరగా తరిగిపోతాయి. కణాలలో కాల్షియం పేరుకొని కండరం దెబ్బతింటుంది.

3. పొటాషియం పనితీరు:
పొటాషియం అధికంగా ఉన్న ద్రావణాన్ని కరొనరీ ధమనులలోకి పంపితే కణత్వచం విద్యుత్ స్థితి మారి, సోడియం మార్గాలు మూసుకుపోతాయి. గుండె సడలిన స్థితిలో ఆగిపోతుంది. కొట్టుకునే శ్రమ తప్పడంతో ప్రాణవాయువు అవసరం చాలావరకు తగ్గుతుంది. ద్రావణాన్ని చల్లగా పంపితే మరింత తగ్గుతుంది.

4. గాఢత – గుణపాఠం:
1955లో లండన్‌లో డెనిస్ మెల్రోజ్, ఆయన సహచరులు పొటాషియం సిట్రేట్‌తో గుండెను ఆపే పద్ధతిని ప్రకటించారు. అయితే ఆ ద్రావణం గాఢత మితిమీరినది. హృదయ కండరంలో కణాలు నశించినట్లు తేలడంతో బ్రిటన్, అమెరికాలలో ఆ పద్ధతి మూలపడింది. జర్మనీలో బ్రెట్‌ష్నైడర్ భిన్నమైన ద్రావణాలతో పరిశోధన కొనసాగించాడు. 1973లో గే, ఎబర్ట్ తక్కువ గాఢత గల పొటాషియం సురక్షితమని చూపడంతో పద్ధతి పునరుద్ధరణ పొందింది. తర్వాత ప్రచారంలోకి వచ్చిన సెయింట్ థామస్ రెండవ ద్రావణంలో పొటాషియం లీటరుకు 16 మిల్లీమోల్ మాత్రమే. రక్తంలో దాని సాధారణ స్థాయి సుమారు 3.5 నుండి 5 మిల్లీమోల్.

5. రక్తం తిరిగి ప్రవహించే దశ:
బిగింపు తీసి రక్తాన్ని వదిలినప్పుడూ ప్రమాదం ఉంటుంది. ప్రాణవాయువు ఒక్కసారిగా చేరడంతో చురుకైన ఆక్సిజన్ అణువులు పుట్టి, కాల్షియం మళ్ళీ కణాలలోకి చొరబడుతుంది. అందువల్ల ద్రావణంలో మెగ్నీషియం చేర్చడం, కొన్నిచోట్ల రక్తాన్నే వాహకంగా వాడడం, బిగింపు తీసే ముందు వెచ్చని ద్రావణం పంపడం వంటి జాగ్రత్తలు రూపొందాయి.

6. ముగింపు:
మెల్రోజ్ సూత్రం సరైనదే. దానిని దెబ్బతీసినది ద్రావణ కూర్పు. గుండెను ఆపే పదార్థమే గుండెను కాపాడేదిగా మారడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. ఒక పద్ధతి విఫలమైనప్పుడు లోపం సూత్రంలో ఉందా, మోతాదులో ఉందా అని విడదీసి పరిశీలించవలసిన అవసరాన్ని ఈ చరిత్ర స్పష్టం చేస్తుంది.