ఇంటిచెంత విశ్వవిద్యాలయము

పట్టపరీక్షల ఫలితములు వెలువడిన నాటినుండి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో చదువుకొన్న పిల్లలు గల ప్రతి గృహమునందును ఒకటే చర్చ. పిల్లవాడు బి.ఎస్సీ. ముగించినాడు, ఇక మీదట నేమి? కలిగినవారు అమెరికా మాట యెత్తుదురు. అంత కలిమి లేనివారు హైదరాబాదు మాట యెత్తుదురు. ఆ రెండును పొసగనివారు, అదియును గొంతు తగ్గించి, నల్లగొండ మాట యెత్తుదురు. ఆ గొంతు ఏల తగ్గవలసివచ్చెనో, దానిని హెచ్చించుటకు మన చేతిలో నేమున్నదో పాఠకమహాశయులతో విచారింప గోరుచున్నాము.

నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము 2007లో స్థాపింపబడెను. అంతకు పూర్వము అచట నున్నది ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి స్నాతకోత్తర కేంద్రము మాత్రమే. 2016లో పాత నల్లగొండ జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అని మూడు జిల్లాలయ్యెను గాని, విశ్వవిద్యాలయము మూటికిని ఉమ్మడియే. అన్నదమ్ములు పొలములు పంచుకొని బావిని ఉమ్మడిగా నుంచుకొన్నట్లున్నది. ఇది ఉస్మానియావలె శతాబ్దము దాటిన మహావృక్షము కాదు. నిన్న నాటిన మొలకయు కాదు. రాష్ట్రమంతటికిని ఉమ్మడిగా జరుగు ప్రవేశపరీక్ష వ్రాసి, అందు వచ్చిన వరుసనుబట్టి ఎం.ఏ., ఎం.ఎస్సీ. తరగతులలో నిచట చేరవలయును.

మిర్యాలగూడ పిల్లవాడు ఉదయము రైలెక్కి నల్లగొండలో దిగి సాయంత్రమునకు ఇల్లు చేరగలడు. సూర్యాపేటకు రైలు లేదు. సుమారు ఏబది కిలోమీటర్ల బస్సు ప్రయాణము. కోదాడవారికి దూర మింకను హెచ్చు గనుక వసతిగృహము తప్పదు. ఈ దూరముల లెక్క అల్పముగా దోపవచ్చును. కాని కౌలుభూమి దున్నుకొను రైతు కుమార్తె ఎం.ఎస్సీ. చదువుటయు, చదువకుండుటయు అనేక పర్యాయములు ఈ లెక్కమీదనే తేలుచున్నది. హైదరాబాదులో గది అద్దెయు భోజనవ్యయమును భరింపలేని తండ్రి, “పొద్దుగూకువేళకు ఇంటికి వచ్చును గదా” యన్న ధైర్యముతో బిడ్డను నల్లగొండకు పంపును. పెండ్లి సంగతి యెత్తు బంధువులకును అతడు చెప్పు సమాధాన మదియే. దగ్గరనున్న విశ్వవిద్యాలయమువలని మేలు మొదట ఇట్టి గృహములకే చెందును. దూరము పోగలవారికి అది యున్నను లేకున్నను ఒక్కటే.

పై చదువు మన ప్రాంతమునకు క్రొత్త గాదు. సూర్యాపేటనుండి కోదాడకు పోవు రహదారిమీద మునగాల వచ్చును. ఒకప్పుడది నిజాము రాజ్యము నడుమ ద్వీపమువలె నుండి ఇంగ్లీషువారి కృష్ణాజిల్లాకు చెందిన పరగణా. 1959లో గాని నల్లగొండ జిల్లాలో కలియలేదు. ఆ సంస్థానమున రాజా నాయని వెంకట రంగారావు బహద్దరువారి కొలువులో కొమర్రాజు లక్ష్మణరావుగారు దివానుగా నుండిరి. నాగపూరులో బి.ఏ. ముగించి వచ్చిన ఆయన కొలువు చేయుచునే ప్రైవేటుగా చదివి ఎం.ఏ. యందు ఉత్తీర్ణులైరి. ఆ చదువును వారు జీతము పెంచుకొనుటకై వాడుకొనలేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలయుటకును, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పుట్టుటకును కారకులైనవారిలో వారొకరు. పిమ్మట ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు సంపాదకులైరి. ఈ ప్రయత్నములకు మునగాల రాజావారి యండ యుండెను. లక్ష్మణరావుగారి వంటి పండితుడుండుట ఒక యెత్తు. ఆయనకు కొలువిచ్చి, తీరిక నిచ్చి, పని సాగనిచ్చిన సంపన్నుడుండుట మరియొక యెత్తు. మన పట్టణములలో మొదటివారు నేటికిని పుట్టుచున్నారు. రెండవవారికొరకే వెదకికొనవలసి యున్నది.

నల్లగొండలో పరిశోధింపదగినదేమున్నదని కొందరు పెదవి విరుతురు. నీటినే చూతము. మునుగోడు, మర్రిగూడ ప్రాంతముల బావినీటిలోని ఫ్లోరైడు ఎందరి యెముకలను వంచెనో మనకు కన్నులారా తెలిసినదే. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి అది యుండరాదని మన దేశమున విధించుకొన్న హద్దు. నీటిలో పటికయు సున్నమును కలిపి, బాగుగా కలియద్రిప్పి, తేరనిచ్చి, వడగట్టి ఫ్లోరైడును తగ్గించు పద్ధతి యొకటి కలదు. లోకమంతటను దానికి “నల్లగొండ పద్ధతి” యనియే పేరు. తూర్పు ఆఫ్రికా దేశములలో సైతము దానిని వాడి చూచిరి. కాని దానిని రూపొందించినవారు నల్లగొండవారు గారు. 1970ల దశకములో నాగపూరునందలి జాతీయ పరిశోధనాసంస్థవారు. రోగము మనది, పేరు మనది, విద్య నాగపూరుది. కొమర్రాజువారిని కూడ మనకు నాగపూరే పంపినది గదా! ఆ యూరి ఋణము మన మెన్నటికి తీర్తుమో! నాడు మన జిల్లాలో విశ్వవిద్యాలయమే లేదు గనుక ఎవరిని తప్పుపట్ట బనిలేదు. నేడట్లు గాదు. మిషన్ భగీరథ గొట్టములలో నదీజలము గ్రామములకు వచ్చుచున్నను, చేనికి పారు బోరునీరు, ఆ నీట పండిన పంట, ఆ గడ్డి మేసిన పశువు, వీని లెక్క ఏటేట నెవరు తీయవలెను? రసాయనశాస్త్ర విద్యార్థి సీసా చేతబట్టి ఉదయమున పోయి మధ్యాహ్నమునకు ప్రయోగశాలకు మరలి రాగల చోటు నల్లగొండయే.

సూర్యాపేట జిల్లా నాగారము మండలమున ఫణిగిరి గుట్ట యున్నది. దానిమీది బౌద్ధస్తూపము, విహారములు, పాలరాతి పోలిక గల శిల్పములు మనలో ననేకులు చూచి యుండరు. 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలో ప్రాచీన బౌద్ధకళను ప్రదర్శించినపుడు ఫణిగిరి శిల్పములు సముద్రము దాటి పోయినవి. మరుసటి ఏడు, 2024లో, అచటనే త్రవ్వకములలో ఒక మట్టికుండ దొరకగా అందు 3,730 సీసపు నాణెములుండెను. చరిత్ర ఎం.ఏ. చదువు సూర్యాపేట విద్యార్థి గ్రూపు పరీక్షలకై శాతవాహనుల, ఇక్ష్వాకుల వంశావళిని వల్లించును; ఆ ఇక్ష్వాకుల నాటి నాణెములు తన యూరికి చేరువనే దొరకినవని తెలిసియు పోయి చూడడు. అట్టి విద్యార్థిని నిందించుటకంటె, పోయి చూడుమని చెప్పు గురువును, పోవుటకు బస్సుఖర్చును సమకూర్చుట మేలు.

మిర్యాలగూడ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. 1967లో నాగార్జునసాగరు నీరు విడుదలయైన పిమ్మట ఎడమకాలువ క్రింద వరి విస్తరించెను. వరివెంట మిల్లులు లేచెను. ఉప్పుడుబియ్యపు మిల్లులనుండి పారు నీరు, ఊక, ఊకబూడిద, తౌడు ఒక్కొక్కటి ఒక పరిశోధనకు చాలిన విషయము. 2024 సెప్టెంబరునందలి భారీవర్షములకు కోదాడకు చేరువ నడిగూడెము మండలమున ఆ ఎడమకాలువకే గండిపడి, పంటపొలములు మునిగెను. గండిని మట్టితో పూడ్చిరి. ఏల పడెనో, మరల పడకుండుట కేమి చేయవలెనో వ్రాసియుంచు పని పూడ్చువారిది కాదు, చదువుకొన్నవారిది.

ఇన్ని విషయములుండగా పని ఏల సాగదు? ప్రథమకారణము గురువుల కొరత. 2024 నాటికి తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయములలో మంజూరైన అధ్యాపకపదవులలో సగమునకు మించి ఖాళీగా నుండెను. నియామకములకై ఉమ్మడి మండలి నేర్పరచు బిల్లును 2022లో శాసనసభ ఆమోదించెను గాని, అది రాజభవనమున నిలిచి, పిదప రాష్ట్రపతి పరిశీలనకు పోయెను. ఖాళీయనగా పాఠము చెప్పువాడు లేడని మాత్రమే పాఠకులు తలంతురు. నష్ట మంతకంటె లోతైనది. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమువారి 2022 నియమములనుబట్టి ఆచార్యుడొక్కడు ఏకకాలమున ఎనమండ్రు పరిశోధకులకును, సహాచార్యుడు ఆరుగురకును, సహాయాచార్యుడు నలుగురకును మాత్రమే మార్గదర్శి కాదగును. వారును స్థిరోద్యోగులై యుండవలయును. తాత్కాలికోపాధ్యాయు డెంతటి పండితుడైనను అతనికి ఆ యధికారము లేదు. కావున ఒక్క ఆచార్యపదవి ఖాళీగా నున్నచో ఎనిమిది పిహెచ్.డి.లు పుట్టకముందే పోయినవని లెక్క.

రెండవది భాష. 2024నుండి పిహెచ్.డి. ప్రవేశములకు జాతీయ అర్హత పరీక్షలోని మార్కులను గైకొనవచ్చునని గ్రాంట్ల సంఘమువారు నిర్ణయించిరి. ‘నెట్’ అను ఆ పరీక్షలో భాషావిషయములు తప్ప తక్కినవెల్ల ఇంగ్లీషులోను హిందీలోను మాత్రమే యుండును. తెలుగున చదివి వచ్చిన కోదాడ పిల్లవాడు తన జిల్లా చరిత్రను గూర్చిన జ్ఞానమును ఆ రెండింటిలో నొకదాని ద్వారముననే చూపవలెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము దేశభాషలో ఉన్నతవిద్య యన్న సాహసమున కొడిగట్టెను. కాని ఆ భాష ఉర్దూ. రాజ్యమున నధికసంఖ్యాకులు మాటలాడునది తెలుగు. మాతృభాషలో విద్య గావలెనని ఆంధ్రమహాసభలు అడిగినవి. ఎనిమిదవ మహాసభ 1941లో కోదాడకు చేరువనున్న చిలుకూరులోనే, రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతను జరిగెను. నేడు నడుమనున్న భాష మారినది. తెలుగు పిల్లవాడు నిలుచున్న చోటు మారలేదు.

మూడవది ధనము, మేము ముఖ్యముగా చెప్పదలచిన దిదియే. నెట్‌లో ఉన్నతస్థానము పొందిన పరిశోధకునికి 2023నుండి నెలకు 37,000 రూపాయల వేతనము. కేంద్ర విశ్వవిద్యాలయములలో నెట్ వేతనము లేనివారికి సైతము నెలకు 8,000 రూపాయలు కలవు. రాష్ట్ర విశ్వవిద్యాలయమున చేరిన సామాన్య పరిశోధకునికి అదియు లేదు. ఇరువదియైదేండ్ల వయసున, ఇంట ముసలి తల్లిదండ్రులుండగా, జీతము లేక మూడునాలుగేండ్లు గ్రంథాలయమున గూర్చుండగలవా రెందరు? పగలు ప్రైవేటు కళాశాలలో పాఠములు చెప్పి, రాత్రి సిద్ధాంతగ్రంథము వ్రాయువాని కనుల ఎరుపును మేము చూచితిమి.

మన సంపన్నులు చదువుకై వ్యయపరచరని యెవరును అనలేరు. 2023–24లో అమెరికాలో చదువుచుండిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందు తెలుగువారి భాగము స్వల్పము గాదు. మన మూడు పట్టణములలో పొలమమ్మియో, కుదువబెట్టియో బిడ్డను పంపని వీధి లేదు. ఒక్కొక్క బిడ్డకు నలుబది, ఏబది లక్షలు. వారు పోవుటను మేము తప్పనము; పోయి రాణించినవారిని చూచి గర్వించుచున్నాము. అందులో మూడవవంతు సొమ్ము ఇచట నేమి చేయగలదో మాత్రము లెక్కగట్టి చూపుదుము. పదునైదు లక్షల రూపాయలు బ్యాంకులో నిలువయుంచిన, నూటికి ఏడు చొప్పున ఏటికి 1,05,000 రూపాయలు, నెలకు 8,750. అసలు తరుగదు. కేంద్ర విశ్వవిద్యాలయమున ఇచ్చుదానికంటె కొంచె మధికముగా ఒక పరిశోధకుని ఎల్లకాలమును పోషించుటకు అది చాలును. ఒక మిల్లుయజమాని ఒంటరిగా నీయలేకపోయిన, పదిమంది కలిసి తలకు లక్షన్నర.

“ప్రభుత్వము చేయవలసిన పని మేమేల చేయవలెను?” అని యడుగువారుందురు. ఆచార్యపదవులు నింపుట ప్రభుత్వపు పనియే. దానికి బదులుగా ఏ దాతయు నిలువలేడు, నిలువరాదు. శాసనసభ్యులను ఆ ప్రశ్న అడుగుట మానవలదు. కాని పరిశోధకునికి అన్నము పెట్టుటకు బిల్లు అక్కరలేదు, రాష్ట్రపతి సంతకము నక్కరలేదు. కళ్యాణమండపములకును, దేవాలయగోపురములకును చందాలు వసూలుచేయు నేర్పు గల పెద్దలు ప్రతి పట్టణమునను ఉన్నారు. నిధి విశ్వవిద్యాలయము పేర నుండవచ్చును, లెక్కలు దాతల సంఘము చూడవచ్చును.

షరతు ఒక్కటి పెట్టుడు. నిధివలన చదువుకొన్నవారు ఏటికొక సాయంత్రము ఆ నిధి నిచ్చిన పట్టణమునకు వచ్చి, తాము కనుగొన్నదానిని తెలుగులో చెప్పవలయును. రైతులు, వర్తకులు అడిగిన ప్రశ్నలకు బదులు చెప్పవలయును. మిర్యాలగూడలో మిల్లునీటిని గూర్చి, సూర్యాపేటలో ఫణిగిరిని గూర్చి, కోదాడలో కాలువకట్టను గూర్చి. రాబోవు ప్రవేశములకు ముందే మూడు పట్టణములలో పెద్దలు కూర్చుండి మాటలాడుట మంచిది. మొదటి నిధి ఏ పట్టణమున లేచినను, దాతల పేళ్లతో ఆ వార్తను ప్రకటించుటకు మా పత్రికలో స్థలము సిద్ధముగా నున్నది.