పరుగుకు చిప్పుంది... ట్రైనర్‌కు పరీక్షేదీ?

పోలీసు నోటిఫికేషన్ పడుతుందన్న మాట వినపడితే చాలు, నిజామాబాద్ జిల్లా మెండోర చుట్టుపక్కల రోడ్లకు కోడి కూయకముందే తెల్లవారుతుంది. పోచంపాడ్ దారిలో, కాలువ గట్ల మీద పోరగాళ్లు గుంపులుగా ఉరుకుతారు. ఒకడి చేతిలో ఫోన్ స్టాప్‌వాచ్, ఇంకొకడి నోట్లో విజిల్. కొలతలు అందరికీ కంఠతా వచ్చు. అబ్బాయిలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలి. లాంగ్ జంప్ అబ్బాయిలకు 4 మీటర్లు, అమ్మాయిలకు రెండున్నర. అబ్బాయిలు విసిరే 7.26 కిలోల గుండు 6 మీటర్ల అవతల పడాలి. తెలంగాణ పోలీసు నియామక మండలి 2022 నోటిఫికేషన్‌లో పెట్టిన లెక్కలివి. పరుగులో అభ్యర్థులకు ఆర్ఎఫ్ఐడీ చిప్‌లు కట్టారు. గీత ఎప్పుడు దాటాడో చెప్పేది యంత్రమే కాబట్టి అక్కడ బతిమాలుకోవడాలు, సర్దుబాట్లు నడవవు.

మరి ఇంత కచ్చితమైన పరీక్షకు పిల్లల్ని తయారుచేసేదెవరు? కిందటి బ్యాచ్‌లో గట్టెక్కిన సీనియర్, లేదంటే ఆర్మూర్‌లోనో నిజామాబాద్‌లోనో జిమ్ నడిపే అన్న. ఆయనను ఏ గీతా దాటమని ఎవరూ అడగలేదు. దండలు లావుగా ఉన్నాయి, ఫ్లెక్సీ మీద ఫొటో ఉంది, ఇక ట్రైనరే. ఆటో నడపాలన్నా లైసెన్సు అడిగే దేశంలో, మనిషి వెన్ను మీద 60 కిలోల ఇనుము మోపడానికి చట్టం ఏ కాగితమూ అడగదు.

కాగితాలు అసలు లేవని కాదు. ఉన్న కాగితాలు ట్రైనర్ దేహాన్ని, జ్ఞాపకశక్తిని కొలుస్తున్నాయే తప్ప ఎదుటి మనిషిని చూడగలడా లేదా అన్నది కొలవడం లేదు. ఫిట్‌నెస్ శిక్షణను ఆధునికం చేయడమంటే యాప్‌లు, ఆన్‌లైన్ వీడియోలు అనుకుంటున్నారు చాలామంది. మారాల్సింది ముందు పరీక్ష.

తాలీం నుంచి రింగ్ దాకా

ఈ జిల్లాకు వ్యాయామం కొత్త కాదు. బోధన్ దగ్గరి హున్సాలో హోలీనాడు తాడుకు అటూ ఇటూ నిలబడి ఊరంతా ఆడే పిడిగుద్దులాట ఏటా వార్తల్లోకి ఎక్కుతుంది. జాతర్లలో కుస్తీ పోటీలు ఇప్పటికీ నడుస్తాయి. తాలీంలో, అంటే కుస్తీ నేర్పే చోట, ఉస్తాద్ దగ్గర చేరినవాడు మొదట మట్టి తవ్వాలి, ఆ తర్వాత దండాలు, బస్కీలు, ముగ్దర్. ఏ పిల్లాడి మోకాలు బలహీనమో, ఎవడికి ఓపిక తక్కువో ఉస్తాద్‌కు తెలిసేది. ఏళ్ల తరబడి చూసిన కన్ను అది. అందులో లోపాలూ ఉన్నాయి. ఆడపిల్లలకు తలుపు మూసి ఉండేది, గాయానికి పసుపు, సున్నమే మందు. కానీ నేర్పేవాడు నేర్చుకునేవాణ్ని రోజూ చూసేవాడు.

నిజామాబాద్ బాక్సింగ్ ఆ మట్టిలోనుంచే ఎదిగింది. కోచ్ సంసాముద్దీన్ దగ్గర తొలి పంచ్‌లు నేర్చిన నిఖత్ జరీన్ 2009లో విశాఖలోని స్పోర్ట్స్ అథారిటీ కేంద్రానికి వెళ్లి ద్రోణాచార్య పురస్కార గ్రహీత ఐ.వి.రావు చేతిలో పడింది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. సంసాముద్దీన్ కొడుకు హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు తెచ్చాడు. ఆట నేర్పేవాళ్లకు ఒక దారి ఉంది. 1961లో పుట్టిన పటియాలా జాతీయ క్రీడా సంస్థలో డిప్లొమా చేయొచ్చు, లేదంటే బీపీఎడ్. పతకం కోసం వచ్చేవాళ్ల సంగతి అది. పొట్ట తగ్గాలని, నడుం నొప్పి పోవాలని, షుగర్ అదుపులోకి రావాలని వచ్చేవాళ్లే ఎన్నో రెట్లు ఎక్కువ. వాళ్ల ఎదుట నిలబడే మనిషికే దారి సరిగా లేదు.

కాగితం మీద దారి 2013లో పడింది. ఆ ఏడాది డిసెంబరులో జాతీయ నైపుణ్య అర్హతల చట్రాన్ని నోటిఫై చేశారు. క్రీడలు, వ్యాయామ విద్య, ఫిట్‌నెస్ రంగానికి ఒక స్కిల్ కౌన్సిల్ ఏర్పడింది. ‘ఫిట్‌నెస్ ట్రైనర్’ అన్న ఉద్యోగానికి ఏమేం తెలియాలో రాసి పెట్టారు. 2018లో ఎన్‌సీవీఈటీ వచ్చింది. శిక్షణ ఇచ్చేవాడే మార్కులు వేయకుండా, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలకూ పరీక్ష పెట్టే ఏజెన్సీలకూ విడివిడిగా గుర్తింపు ఇచ్చే నియంత్రణ మండలి ఇది. చదువు లేకపోయినా పని తెలిసినవాడిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతీ ఉంది. ముప్పై ఏళ్లుగా తాలీం నడిపిన ఉస్తాద్‌కు దీనికంటే తగిన తలుపు లేదు.

ఆ తలుపు దగ్గరే తొక్కిసలాట జరిగింది. కొద్ది గంటల ఓరియంటేషన్, వెంటనే పరీక్ష, చేతికి సర్టిఫికెట్, ఓ గ్రూప్ ఫొటో. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనపై కాగ్ 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకు తెచ్చిన నివేదిక, ఒకే ఫొటో పలువురి పేర్ల మీద వాడిన ఉదంతాలను బయటపెట్టింది. అన్ని రంగాలకూ కలిపి చెప్పిన మాట అది, ఫిట్‌నెస్‌ను వేలెత్తి చూపింది కాదు. అయినా లక్ష్యం సర్టిఫికెట్ల సంఖ్య అయినప్పుడు పరీక్ష ఏమవుతుందో చెప్పడానికి అది చాలు.

నూటయాభై ప్రశ్నలు

విదేశాల్లో అంతా బాగుందనుకుంటే అదీ పొరపాటే. అమెరికాలో పేరున్న ఏస్ పర్సనల్ ట్రైనర్ పరీక్షలో 150 బహుళైచ్ఛిక ప్రశ్నలు, మూడు గంటల సమయం. రాసేముందు సీపీఆర్ సర్టిఫికెట్ చూపించాలి. అది మాత్రం ఆన్‌లైన్లో వీడియో చూసి తెచ్చుకుంటే చెల్లదు, చేతితో చేసి చూపించి ఉండాలి. రెండేళ్లకోసారి కొత్తగా నేర్చుకున్న గంటలు చూపితేనే సర్టిఫికెట్ నిలుస్తుంది. ఈ రెండు నియమాలూ మనం కళ్లకద్దుకోవచ్చు. కానీ ఆ 150 ప్రశ్నల్లో ఎక్కడా బతికున్న మనిషి ఎదురుగా రాడు. బ్రిటన్‌లో జిమ్ ఇన్‌స్ట్రక్టర్ అర్హతకు అసెసర్ పక్కన నిలబడి సెషన్ మొత్తం చూస్తాడు. ఆ పద్ధతి మన అవసరానికి దగ్గర.

దుబాయ్ మాటేమిటని మెండోరలో తప్పక అడుగుతారు. బాల్కొండ, ఆర్మూర్ పల్లెల్లో గల్ఫ్ సంబంధం లేని ఇల్లు వెతకాలి మరి. యూఏఈలో ట్రైనర్ల పేర్లు నమోదుచేసే రెప్స్ అనే రిజిస్టర్ ఉంది. సౌదీ వెళ్లే ప్లంబర్లకు, ఎలక్ట్రీషియన్లకు ఇక్కడే చేతిపని పరీక్ష పెట్టి పంపే రోజులొచ్చాయి. 1937లో పుట్టిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడ్డాక ఆ ప్రాంతపు యువత వెతుక్కునే పనుల్లో ట్రైనర్ పనీ ఒకటి కావచ్చు. కూలి వీసాకు బదులు ట్రైనర్ వీసా అంటే జీతమే కాదు, ఎండలో కాకుండా నీడన చేసే పని. కాకపోతే అక్కడ చెల్లే సర్టిఫికెట్ ఇక్కడ దొరకాలి.

బీడీల చాట, బీపీ మాత్ర

ఆ పరీక్ష ఎలా ఉండాలో వైద్య విద్య ఎప్పుడో చూపించింది. 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ ఓస్కీ పద్ధతిని ప్రతిపాదించాడు. వరసగా కొన్ని స్టేషన్లు, ఒక్కోచోట ఒక్కో రోగి లేదా రోగిలా నటించే మనిషి, కొన్ని నిమిషాల సమయం, మాట్లాడకుండా మార్కులు వేసే పరీక్షకుడు. విద్యార్థికి ఏం తెలుసన్నది కాక ఏం చేశాడన్నది చూస్తారు. దాన్నే నిజామాబాద్ జిమ్‌లోకి తెచ్చి చూడండి.

మొదటి స్టేషన్‌లో నలభై అయిదేళ్ల బీడీ కార్మికురాలు. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. తల వంచి, భుజాలు ముందుకు ముడుచుకుని ఏళ్ల తరబడి కూర్చున్న శరీరం. ‘నడుము గుంజుతుంది బిడ్డా’ అంటుంది. వీడియోలు చూసి నేర్చిన ట్రైనర్ ఆమెను నేరుగా మెషీన్ దగ్గరికి తీసుకెళ్లి కడ్డీని మెడ వెనక్కి లాగమంటాడు. ముడుచుకుపోయిన భుజానికి అంతకంటే హాని లేదు. తెలిసినవాడు ముందు అడుగుతాడు: నొప్పి మోకాలు దాటి కిందికి పాకుతుందా, కాలు తిమ్మిరెక్కుతుందా, ఒంటికి పోవడం ఆపుకోలేకపోతున్నారా? ఒక్కదానికి అవునన్నా వ్యాయామం ఆగాలి, డాక్టర్ దగ్గరికి పంపాలి. ఏదీ లేకపోతే కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, తువ్వాలును పిడికిళ్లతో పట్టి రెక్కల్ని వెనక్కి దగ్గరికి లాగడం, అంతే. వేల రూపాయల యంత్రం అక్కర్లేదు.

రెండో స్టేషన్‌లో పోలీసు ఉద్యోగానికి ఉరికే కుర్రాడు, పిక్క ముందెముక నొప్పి. ‘ఉరుకు తమ్మీ, అదే పోతది’ అన్నవాడికి సున్నా. వేళ్లతో ఎముక వెంట తడిమి చూడాలి. నొప్పి జానెడు పొడవునా ఉంటే పరుగు తగ్గించి, బూటు మార్చి, మెల్లగా పెంచుకోవచ్చు. ఒక్క వేలు పట్టినంత చోటే సూదిలా పొడిస్తే ఎముకలో సన్న పగులు కావచ్చు, పరుగు ఆపించి పరీక్షలకు పంపాలి. నోటిఫికేషన్ నెత్తిన ఉండగా ఆ మాట చెప్పడానికి తెలివితోపాటు గుండె కూడా కావాలి. మార్కులు దానికీ పడాలి.

మూడోవాడు గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన 52 ఏళ్ల పెద్దమనిషి, బీపీ మాత్ర వేసుకుంటాడు. గోడ మీది చార్టు ప్రకారం 220లోంచి వయసు తీసేస్తే గుండె వేగం గరిష్ఠంగా 168. కానీ అతను వేసుకునేది బీటా బ్లాకర్ అయితే గుండెను మందే పట్టి ఉంచుతుంది. చార్టును నమ్మి ‘ఇంకా రాలేదు, ఇంకా తొక్కు’ అన్నాడంటే మనిషి కూలబడొచ్చు. ఇక్కడ లెక్క కంటే మాట నయం. సైకిల్ తొక్కుతూ పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నాడా లేదా అన్నదే కొలమానం.

వీళ్లెవరూ అరుదైన మనుషులు కారు. ఐసీఎంఆర్ 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం దేశంలో మధుమేహులు 10.1 కోట్లు, రక్తపోటు ఉన్నవాళ్లు 31.5 కోట్లు. వెనకటి జిమ్‌కు ఇరవై ఏళ్ల కుర్రాడు వచ్చేవాడు. ఇప్పుడు వాడితోపాటు వాడి నాన్నా వస్తున్నాడు, వదినె వస్తోంది. సిలబస్ మాత్రం ఆ కుర్రాడి దగ్గరే ఆగిపోయింది.

ఓస్కీకి సీపీఆర్ స్టేషన్ తప్పనిసరి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతున నొక్కాలి. రాష్ట్రంలో 2023 మార్చిలో ప్రభుత్వమే సీపీఆర్ శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది కాబట్టి బొమ్మలకూ నేర్పేవాళ్లకూ వెతుకులాట లేదు. ఇంకో స్టేషన్‌లో ఇంజెక్షన్ అడిగే క్లయింట్ ఉండాలి. ఆపరేషన్ థియేటర్లో బీపీ పడిపోకుండా వాడే మెఫెంటర్‌మైన్‌ను జిమ్ కుర్రాళ్లకు అమ్ముతున్న వాళ్లను తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు పట్టుకున్న కేసులు ఒకటి కాదు. ‘అన్నా, నెలల బాడీ రావాలె’ అనే పిల్లాడికి ఏం జవాబు చెప్తాడో వినకుండా ట్రైనర్‌కు సర్టిఫికెట్ ఇవ్వడం ప్రమాదం.

ఎవరు పెట్టాలి?

రాష్ట్ర ప్రభుత్వం 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలుపెట్టింది. రోబోలు, సీఎన్‌సీ యంత్రాలు వస్తున్నాయి. మంచిదే. మనుషుల ఒంటితో పనిచేసే వృత్తులకు ఆ వెలుగులో వాటా తక్కువ. స్కిల్ యూనివర్సిటీ, క్రీడల యూనివర్సిటీ రెండింటికీ శాసనసభ చట్టాలు చేసింది. అవి పూర్తిగా నిలదొక్కుకునే దాకా జిల్లా ఆగాల్సిన పనిలేదు. నిజామాబాద్‌లో 2013 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, ఓస్కీ అక్కడ రోజువారీ మాటే. డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ ఉంది. స్కిల్ కౌన్సిల్ అసెసర్, ఒక ఫిజియోథెరపిస్టు, ఒక అనుభవమున్న కోచ్ కలిసి బల్ల చుట్టూ కూర్చుంటే మూడునెలలకోసారి పరీక్ష పెట్టొచ్చు.

భాష విషయంలో మొండిగా ఉండాలి. ఆన్‌లైన్ కోర్సుల్లో ఎక్కువ ఇంగ్లిష్‌వే. తెలుగులో, ఉర్దూలో పరీక్ష లేకపోతే మంచి ఉస్తాద్‌లు బయటే మిగిలిపోతారు, ఇంగ్లిష్ చదవగలిగిన ఇరవై ఏళ్ల కుర్రాడు లోపలికొస్తాడు. పాఠం ఫోన్‌లో చదువుకోనివ్వండి, కండరాల పేర్లు ఇంటి దగ్గర వల్లె వేయనివ్వండి, దానికి తరగతి గది అక్కర్లేదు. పరీక్ష మాత్రం మనిషి ఎదుట, మనిషి మీద జరగాలి. తెచ్చుకున్న సర్టిఫికెట్ క్యూఆర్ కోడ్ జిమ్ తలుపు మీద అంటిస్తే ఫీజు కట్టేముందు ఎవరైనా స్కాన్ చేసి చూసుకుంటారు.

2022లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు పెట్టాలని సంకల్పించినప్పుడు బోర్డు, బార్లు, లాంగ్ జంప్ గుంట సమకూర్చారు, నేర్పే మనిషిని మరిచారు. ఆ ప్రాంగణాలకు వారానికి రెండు పూటలైనా పరీక్ష నెగ్గిన ట్రైనర్‌ను పంపాలంటే ముందు మహిళా ట్రైనర్లను తయారుచేయాలి. బీడీల చాట పక్కన పెట్టి వచ్చే ఆడవాళ్లు మగ ట్రైనర్ ముందు నడుము నొప్పి చెప్పుకోరు. మహిళా సంఘాల నుంచి పదో తరగతి దాటిన అమ్మాయిల్ని తీసుకుని, గౌరవ వేతనం ఖరారు చేసి పంపడం మండల స్థాయిలోనే తేలే పని. ఇక అసెస్‌మెంట్ ఆదివారం పెట్టాలి. మిగతా ఆరు రోజులూ వాళ్లకు పొలం ఉంది, బీడీలున్నాయి, జిమ్ ఉదయపు బ్యాచ్ ఉంది.