సందేశం మనది.. తాళం ఎవరిది?

* ఒకే సంస్థపై ఆధారపడుతున్న పల్లె సమాచారం
* ప్రత్యామ్నాయంగా ఓపెన్ సోర్స్ మెసెంజర్లు

పొదిలి: వేలం కేంద్రంలో పొగాకు కిలో ఎంత పలికింది, గుంటూరు యార్డులో మిర్చి క్వింటా ఎంత ఉంది, పత్తి ధర పెరిగిందా తగ్గిందా.. ఈ సమాచారమంతా నేడు రైతు జేబులోని ఫోన్‌కే చేరుతోంది. పాఠశాల నోటీసులు, పొదుపు సంఘాల సమావేశాల కబురు, దూరాన ఉన్న పిల్లల ఫొటోలు సైతం అదే దారిన వస్తున్నాయి. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో ప్రారంభించడంతో ధ్రువపత్రాల దరఖాస్తులు, బిల్లుల చెల్లింపులు కూడా అందులోకి చేరాయి. ఇంతటి వ్యవహారం ఒక్క ప్రైవేటు సంస్థ చేతిలో ఉండటం ఎంతవరకు క్షేమం? ప్రత్యామ్నాయంగా చెబుతున్న ఓపెన్ సోర్స్ మెసెంజర్లు ఏమిటి? వాటి లాభనష్టాలపై కథనం.

మూతపడితే అంతే సంగతులు

2000 దశకంలో ఇంటర్నెట్ కేంద్రాలకు వెళ్లిన వారికి యాహూ మెసెంజర్ సుపరిచితం. విదేశాల్లో చదువుకుంటున్న బిడ్డల క్షేమ సమాచారం కోసం ఎందరో తల్లిదండ్రులు దానిని ఆశ్రయించారు. 2018 జులై 17న ఆ సేవ నిలిచిపోయింది. మన దేశంలోనే పుట్టి యువతను ఆకట్టుకున్న హైక్ 2021 జనవరిలో మూతపడింది. 2025 మే 5న స్కైప్ కూడా అదే బాట పట్టింది. పాత సంభాషణలను దించుకునేందుకు వాడకందారులకు గడువు ఇచ్చారు. ఆ సాఫ్ట్‌వేర్ యజమాని సొత్తు కావడంతో మరొకరు దానిని చేపట్టి నడిపే వీలూ లేకపోయింది.

మూతపడకున్నా ఇబ్బంది తప్పదు. 2021 అక్టోబరు 4 రాత్రి వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాం దాదాపు ఆరు గంటలపాటు ఒకేసారి స్తంభించాయి. మూడింటికీ యజమాని ఒక్కరే.

ఏమిటీ ఓపెన్ సోర్స్?

ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ దానిని నడిపించే ఆదేశాల రాతప్రతి ఒకటి ఉంటుంది. దీనిని సోర్స్ కోడ్ అంటారు. వాణిజ్య సంస్థలు సాధారణంగా దీనిని గోప్యంగా ఉంచుతాయి. ఓపెన్ సోర్స్‌లో మాత్రం ఆ ప్రతిని ఎవరైనా చదవవచ్చు, దోషాలు పట్టవచ్చు, మార్చి వాడుకోవచ్చు. సరుకు తూచే కాటాను రైతుల ఎదుటే విప్పి చూపించడం వంటిదిది. కాటా లోపలి పనితనం ప్రతి రైతుకూ తెలియకపోవచ్చు. తెలిసినవారు ఎప్పుడైనా పరీక్షించగలరన్న భయమే కాటాదారును దారిలో ఉంచుతుంది.

ఈ పద్ధతిలో 1999లో జాబర్ అనే సందేశ వ్యవస్థ మొదలైంది. 2004లో అది ఎక్స్‌ఎంపీపీ పేరుతో ఇంటర్నెట్ ప్రమాణంగా గుర్తింపు పొందింది. ఒక కంపెనీ సిమ్ నుంచి మరో కంపెనీ సిమ్‌కు ఫోన్ చేసినట్లే, వేర్వేరు సర్వర్లలో ఉన్నవారు పరస్పరం మాట్లాడుకోవడం దీని ప్రత్యేకత. తరువాత వచ్చిన మ్యాట్రిక్స్ కూడా ఇదే కోవలోనిది. వాట్సాప్ సైతం తొలినాళ్లలో ఈజాబర్డ్ అనే ఓపెన్ సోర్స్ సర్వర్‌నే మార్చుకుని ఎదిగింది. 2016లో సందేశాలన్నింటికీ వేసిన తాళం కూడా ఓపెన్ సోర్స్ సంస్థ అయిన సిగ్నల్ రూపొందించిన విధానమే. ఉమ్మడి బావి నీటితోనే వాణిజ్య పంటా పండిందన్నమాట.

కవరు లోపల భద్రం.. మరి పైన?

వాట్సాప్‌లో సందేశాన్ని పంపినవారు, అందుకున్నవారు తప్ప మూడోవారు చదవలేరు. అంటించిన కవరు వంటిదది. అయితే ఎవరు, ఎవరికి, ఎప్పుడు పంపారన్న చిరునామా వివరాలు కవరు పైనే ఉంటాయి. ఇటువంటి వివరాలను మాతృసంస్థతో పంచుకునే అంశంపై 2021 జనవరిలో వాట్సాప్ కొత్త నిబంధనలు ప్రకటించగా దేశవ్యాప్తంగా దుమారం రేగింది. వాటిని అంగీకరించక తప్పని స్థితి కల్పించారంటూ భారత పోటీ కమిషన్ 2024 నవంబరులో మెటా సంస్థకు రూ.213.14 కోట్ల జరిమానా విధించింది. 2025 నవంబరులో అప్పిలేట్ ట్రిబ్యునల్ ఆ జరిమానాను సమర్థించినా, సమాచార పంపకంపై కమిషన్ పెట్టిన ఐదేళ్ల నిషేధాన్ని తొలగించింది.

సిగ్నల్ తీరు ఇందుకు భిన్నం. 2016లో అమెరికాలో ఒక దర్యాప్తులో వాడకందారుడి వివరాలు కోరితే, ఖాతా తెరిచిన సమయం, చివరిసారి వాడిన తేదీ తప్ప ఇవ్వడానికి ఆ సంస్థ వద్ద ఏమీ లేదు. వాట్సాప్ వ్యవస్థాపకుల్లో ఒకరైన బ్రయాన్ ఆక్టన్ 2018లో 5 కోట్ల డాలర్లు ఇచ్చి, లాభాపేక్ష లేని సిగ్నల్ ఫౌండేషన్ స్థాపనలో భాగస్వామి కావడం గమనార్హం.

ఏది ఏ కోవలోకి?

సిగ్నల్: యాప్ కోడ్ బహిరంగం. ప్రకటనలు లేవు. ఖాతాకు ఫోన్ నంబరు తప్పనిసరి. 2024 నుంచి నంబరును ఎదుటివారికి కనిపించకుండా దాచుకోవచ్చు.

ఎలిమెంట్: మ్యాట్రిక్స్‌పై పనిచేస్తుంది. సంస్థలు సొంత సర్వర్ పెట్టుకోవచ్చు. ఫ్రాన్స్ ప్రభుత్వం 2019లో తన ఉద్యోగులకు ఇచ్చిన చాప్ యాప్‌కు, జర్మనీ సైన్యం మెసెంజర్‌కు మూలం మ్యాట్రిక్సే.

సందేశ్: జాతీయ సమాచార కేంద్రం రూపొందించింది. ఓపెన్ సోర్స్ ఆధారితమని కేంద్ర ప్రభుత్వం 2021లో పార్లమెంటుకు తెలిపింది.

టెలిగ్రాం: యాప్ కోడ్ మాత్రమే బహిరంగం, సర్వర్‌ది రహస్యం. ‘సీక్రెట్ చాట్’ ఎంచుకుంటేనే పూర్తి తాళం పడుతుంది.

అరట్టై: జోహో సంస్థది. స్వదేశీయే అయినా ఓపెన్ సోర్స్ కాదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించరాదు.

జీబీ వాట్సాప్: అనుమతి లేకుండా ఎవరో మార్చి వదిలినది. ఓపెన్ సోర్స్ కాదు, సురక్షితమూ కాదు.

చిక్కులూ లేకపోలేదు

జనం వస్తేనే సంత. ఎంత మంచి యాప్ అయినా బంధువులు, వ్యాపారులు అందులో లేకుంటే నిరుపయోగం. ఓపెన్ సోర్స్ మెసెంజర్లకు ఇదే ప్రధాన అడ్డంకి. సొంత సర్వర్ పెట్టుకుంటే విద్యుత్తు, నిర్వహణ, తెలిసిన మనిషి అవసరం. ప్రభుత్వ నిర్ణయాల ప్రభావమూ ఉంటుంది. జమ్మూకశ్మీర్‌లో ఉగ్రవాదులు వాడుతున్నారన్న కారణంతో కేంద్రం 2023 మేలో 14 యాప్‌లను నిలిపివేయగా, వాటిలో ఎలిమెంట్, బ్రయర్ ఉన్నాయి. అయితే మ్యాట్రిక్స్ ప్రమాణం ఒకరి సొత్తు కానందున అదే సర్వర్లకు చేరే ఇతర యాప్‌లు ఉన్నాయి.

ఏం చేయవచ్చు?

వాట్సాప్‌ను ఉన్నపళంగా వదిలేయాల్సిన పని లేదు. ధరల సమాచారం, ప్రభుత్వ సేవలు అందులోనే కొనసాగించుకోవచ్చు. ఆధార్, పాసుపుస్తకం, బ్యాంకు కాగితాలు పంపుకునే కుటుంబ సభ్యులు నలుగురైదుగురు సిగ్నల్‌లో చేరితే చాలు, రెండో దారి ఏర్పడినట్లే. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, కళాశాలలు కలిసి ఉమ్మడి సర్వర్ గురించి ఆలోచించవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ విద్యార్థులతో కలిసి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ప్రచారం చేస్తున్న ‘స్వేచ్ఛ’ వంటి సంస్థలు ఇందుకు సాయపడగలవు.

ఏ మెసెంజర్ వాడినా కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. యాప్‌లను ప్లేస్టోర్ నుంచే దించుకోవాలి. పీఎం కిసాన్, ట్రాఫిక్ చలానా పేర్లతో వచ్చే ఏపీకే ఫైళ్లను తెలిసినవారు పంపినా తెరవకూడదు. ఏ తాళమూ మోసగాడి మాటను ఆపలేదు. సంఘ సభ్యుల ఫోన్ నంబర్లను ఒక పుస్తకంలో రాసి ఉంచుకుంటే, ఒక సేవ నిలిచిపోయిన రోజున మరో దారిన అందరినీ పిలుచుకోవచ్చు. డబ్బు పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.