ఉత్తరాన రెండు మసీదులు - ఆకాశాన ఒకే దారి

కెనడా దేశంలో ఉత్తర ధ్రువానికి దగ్గరగా, పడమటి వైపున ఇనువిక్ అనే ఊరుంది. జనాభా మూడు వేల పైచిలుకు. అదే దేశంలో తూర్పున బాఫిన్ దీవి మీద ఇకాలుయిట్ ఉంది. అక్కడ ఏడు వేల పైచిలుకు జనం. మంచు నేల మీది ఈ రెండు ఊళ్లలోనూ మసీదులున్నాయి. ఇనువిక్ మసీదును 2010లో విన్నిపెగ్ నగరంలో కట్టి, లారీ మీద, ఆపైన మెకంజీ నదిలో పడవ మీద సుమారు 4,000 కిలోమీటర్లు తరలించారు. ఇకాలుయిట్ మసీదు 2016లో ప్రారంభమైంది.

ఈ రెండు మసీదుల మధ్య దూరమెంత? రోడ్డు లెక్క చెప్పడానికి వీలులేదు. ఇకాలుయిట్‌కు బయటినుంచి రోడ్డూ లేదు, రైలూ లేదు. మంచు కరిగిన కొద్ది నెలలు ఓడలు వస్తాయి. మిగతా కాలమంతా విమానమే దిక్కు. పెద్ద జబ్బు చేస్తే రోగిని సుమారు 2,100 కిలోమీటర్ల దూరాన ఉన్న ఒట్టావాకు విమానంలోనే చేర్చాలి. అక్కడి కుటుంబాలకు ఆకాశ దూరమంటే పాఠ్యపుస్తకంలోని లెక్క కాదు, ప్రాణావసరం.

ఇనువిక్ నుంచి ఇకాలుయిట్‌కు ఆకాశ దూరం సుమారు 2,840 కిలోమీటర్లు. అంటే హైదరాబాదు నుంచి ఢిల్లీకి ఉన్నదానికి రెట్టింపు కంటె ఎక్కువ. ఇక్కడ ఒక చిత్రమున్నది. ఇకాలుయిట్ ఇనువిక్‌కు ఆగ్నేయంగా ఉంది. గోడమీది పటంలో గీత గీస్తే అది తూర్పుకు సాగుతూ కాస్త దక్షిణానికి దిగుతుంది. కాని గ్లోబు మీద రెండు ఊళ్లకూ దారం బిగించి చూడండి. దారం మొదట ఉత్తరానికి వంగి, తర్వాతనే దక్షిణానికి దిగుతుంది. పటంలోని గీత వెంట పోయేదానికంటె ఈ దారి నూరు కిలోమీటర్లకు పైగా దగ్గర. గుండ్రని భూమిని చదును కాగితం మీద పరచినందువల్ల వచ్చిన తేడా ఇది.

ఖిబ్లా దిశను లెక్కగట్టేదీ ఈ దారంతోనే. మక్కా ఇనువిక్‌కు ఎంతో దక్షిణాన ఉన్నా, అక్కడి ఖిబ్లా దాదాపు ఉత్తరమే. ఆ గీత ధ్రువానికి సమీపంగా సాగి, సుమారు 10,000 కిలోమీటర్ల తర్వాత మక్కా చేరుతుంది. ఇకాలుయిట్‌లో మాత్రం ఖిబ్లా తూర్పు ఈశాన్యం. ఒకే దేశంలోని రెండు మసీదుల ముఖాలు ఇంత వేరు. అయినా రెండింటి గమ్యం ఒక్కటే.

ఇది విమానాలు వచ్చాక పుట్టిన విద్య కాదు. అల్‌బెరూనీ 1025లో ముగించిన గ్రంథంలో ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు తేల్చి, వాటి ఆధారంగా గజనీ నగరపు ఖిబ్లాను లెక్కగట్టారు.

అమెరికా, కెనడాలలో ఉంటున్న మన పిల్లలు అక్కడి మసీదులు ఈశాన్యానికి తిరిగి ఉండడం చూసి, "మక్కా ఆగ్నేయాన కదా ఉంది" అని అడుగుతుంటారు. వారితో వాదానికి దిగనక్కరలేదు. ఒక గ్లోబు, మూరెడు దారం చాలు. ఆ బిగించిన దారమే జవాబు చెబుతుంది.